ఆవకాయ శనివారం

శుక్రవారం సాయంత్రం నువ్వుల నూనె డబ్బా, ఉప్పు మూటా ఇంటికి వచ్చినప్పుడే నాకు విషయం అర్థమైంది. మా ఇంట్లో శనివారం నూనె కొనరు, ఉప్పు కొనరు. ఆ రెండూ శుక్రవారమే దిగాయంటే శనివారం వాటితో పని ఉందన్నమాట. మా అత్తగారు కోటేశ్వరమ్మ నాతో ఏమీ అనలేదు. జాడీలు కడిగి పెరట్లో ఎండకి బోర్లించింది, అంతే. నేను చపాతీ పిండి కలుపుతూ కిటికీలోంచి ఆ జాడీల్ని చూశాను, చూడనట్టే ఊరుకున్నాను. అడిగితే చెబుతుంది. చెబితే నేను "రేపు నాకు కుదరదత్తయ్యా" అనాలి. అంటే ఎందుకు కుదరదో చెప్పాలి. గొడవంతా ఆ ఎందుకు దగ్గరే ఉంది.

ఎందుకంటే రేపు నాకు ఏ పనీ లేదు. షహనాజ్, రాజేశ్వరక్క, నేను కలిసి ఒక రోజంతా ఊరికే గడపాలని అనుకున్నాం. ముగ్గురం నరసరావుపేటలో ఒకే ప్రైవేటు స్కూల్లో టీచర్లం. స్టాఫ్ రూంలో పేపర్లు దిద్దుకుంటూ ఏళ్ళ తరబడి అదే మాట, ఒక శనివారం ఎటైనా పోదామే అని. పోవడానికి స్కూటీలున్నాయి, పేటలో హోటళ్ళున్నాయి, ఊరి చుట్టూ కాలవలూ కొండా ఉన్నాయి. లేనిదల్లా ఇంట్లో చెప్పడానికి ఒక కారణం. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు గడప దాటాలంటే గుడి, పెళ్ళి, ఆస్పత్రి, కాకపోతే డ్యూటీ. వీటిలో ఏదీ కాకుండా వెళ్తే దాన్ని తిరుగుళ్ళు అంటారు. మా ఆయన అమర్నాథ్ రోజూ సాయంత్రం పురుగుమందుల కొట్టు మూసి, ఇంటికొచ్చి మొహం కడుక్కుని, "అట్టా తిరిగొస్తా" అని వెళ్తాడు. ఎక్కడికని నేను ఒక్కనాడూ అడగలేదు. అడగొచ్చని కూడా నాకు తోచలేదు.

రాజేశ్వరక్క కోటప్పకొండ మొక్కు ఉందని చెప్పింది. షహనాజ్ స్కూల్లో డ్యూటీ అని, నేను క్యాన్వాసింగ్ అని చెప్పాం.

ఎండాకాలం టీచర్లకి సెలవులని లోకమంతా అనుకుంటుంది. "నీకేందే, సెలవులేగా" అని మా ఆడపడుచులు ఫోన్లో అంటారు. మా కరస్పాండెంట్ మస్తాన్‌రావు గారు మాత్రం మే నెల రాగానే పాంప్లెట్ల కట్టలు మా చేతికిచ్చి ఊళ్ళ మీదికి తోలతారు. ముప్పాళ్ళ, సత్తెనపల్లి రోడ్డు పక్క పల్లెలు, రోహిణి కార్తె ఎండలో ఇంటింటికీ తిరిగి మీ పిల్లాణ్ణి మా స్కూల్లో వెయ్యండని అడుక్కోవాలి. "లేడీ టీచర్లు అడిగితే తల్లులు కాదనలేరు మేడమ్" అంటారాయన, అదేదో మాకు బిరుదిచ్చినట్టు. అడ్మిషన్లు తేకపోతే జూన్ జీతం ఆగుతుంది. ఒక ఊళ్ళో కుక్క వెంటపడింది. ఇంకో ఊళ్ళో ఒకాయన మంచినీళ్ళిస్తానని లోపలికి పిలిచి, నేను లోపలికి అడుగుపెట్టగానే తలుపు దగ్గరగా వేశాడు. నేను చెప్పులు చేత పట్టుకుని బయటపడ్డాను. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, చెబితే ఉద్యోగం మానెయ్యమంటారు. ఆ తిరుగుడికి మాత్రం మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. డ్యూటీ కదా.

శనివారం తెల్లారకముందే లేచి ఇంట్లోవాళ్ళకి అన్నం, కూర, పప్పు వండి, మాకోసం పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకున్నాను. చెప్పులు వేసుకుంటుంటే మా అత్తగారు వాకిట్లోకి వచ్చింది.

"ఇయ్యాల కూడా పోవాలా?"

"క్యాన్వాసింగ్ అత్తయ్యా."

"కాయలొస్తన్నయ్. కొట్టించి పంపమన్నా. మధ్యాన్నానికన్నా వచ్చెయ్."

"చూస్తాను" అని బండి స్టార్ట్ చేశాను. సందు మలుపు దాకా వీపు మీద ఆవిడ చూపు తగులుతూనే ఉంది.

ఈ ఆవకాయ సంగతి కాస్త చెప్పాలి. మా ఇంట్లో ఆవకాయ నా చేత్తోనే కలపాలి, ఎందుకంటే నా చెయ్యి మంచిదట. నేను కాపురానికి రాకముందు ఒక ఏడు మా అత్తగారు కలిపిన జాడీ బూజు పట్టింది. మా మామగారు ఆ జాడీ ఎత్తుకెళ్ళి వీధి చివర చెత్తకుప్పలో గుమ్మరించి, నలుగురూ వింటుండగా "దీని చెయ్యే మంచిది కాదు" అన్నారట. ఆ తర్వాత ఆవిడ పచ్చళ్ళలో చెయ్యి పెట్టలేదు. ముక్కలు తుడుస్తుంది, వెల్లుల్లి ఒలుస్తుంది, ఆవాలు ఎండబెట్టి పిండి పట్టిస్తుంది, కారం ఉప్పు కొలిచి పెడుతుంది. కలిపేటప్పుడు మాత్రం పక్కకి జరిగి కూర్చుంటుంది. మామగారు పోయి చాలా ఏళ్ళయినా ఆయన మాట పోలేదు. నేను వచ్చిన మొదటి ఎండాకాలం నన్ను కూర్చోబెట్టి కలిపించారు. ఆ జాడీ ఏడాది తిరిగినా చెక్కుచెదరలేదు. ఇక అప్పట్నుంచి మా ఇంటికీ, ముగ్గురు ఆడపడుచుల ఇళ్ళకీ నేనే. "మా రోహిణి చెయ్యి పడితే తిరుగులేదు" అని మా ఆయన చుట్టాల ముందు చెబుతుంటే మొదట్లో నాకు ఒళ్ళు పొంగేది. ఇంత ఇంట్లో నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క విషయానికే. మంచి చెయ్యి అన్నవాళ్ళు ఆ చేతికి విశ్రాంతి ఇవ్వరని తెలిసేసరికి చాలా జాడీలు నిండాయి.

పేటలో హోటల్ ముందు స్కూటీలు ఆపి, మొహాలకి చుట్టుకున్న చున్నీలు విప్పుకుంటే ముగ్గురం బందిపోట్లలా కనబడి నవ్వుకున్నాం. షహనాజ్ చెయ్యి ఖాళీగా ఉంది, ఫోన్ లేదు. ఏమైందంటే స్కూల్లో ఛార్జింగ్ పెట్టి వదిలేసి వచ్చానంది. వాళ్ళన్నయ్య జహీర్ ఆ ఫోన్లో లొకేషన్ పెట్టుకున్నాడు, చెల్లెలు ఎక్కడుందో కొట్లో కూర్చుని చూసుకుంటాడు. "ఇయ్యాల్టికి నేను స్కూల్లోనే ఉన్నానక్కా" అంది. మా ముగ్గురిలో తెలివైనది అదే.

టేబుల్ దగ్గర కుర్చీలు లాక్కుని కూర్చోగానే సర్వర్ వచ్చి, "సార్ వచ్చాక ఆర్డర్ చెబుతారా మేడమ్?" అన్నాడు. ఏ సారూ లేరయ్యా అంటే ఇంకోసారి గుమ్మం వైపు చూసి గానీ నమ్మలేదు. దోసె పెనం మీది వేడితోనే ప్లేట్లోకి వచ్చింది. నేను గబుక్కున నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకున్నాను. మా ఇంట్లో నా దోసె ఆఖరిది, నా దగ్గరికి వచ్చేసరికి నా ఓపిక లాగే చల్లారి ఉంటుంది. వేడి దోసె ఎలా తినాలో నా నోటికి అలవాటు లేదు. తిన్నాక నాకు తెలియకుండానే మూడు ప్లేట్లూ ఒకదాని మీద ఒకటి పేర్చి, గ్లాసులు పక్కకి తీసి, టిష్యూతో బల్ల తుడవసాగాను. రాజేశ్వరక్క నా చేతి మీద ఒక్కటి వేసింది. "ఏందే అది, ఇంటికాడ చాలదా?"

తర్వాత ఏసీ చల్లదనం కోసం చీరల షాపులో దూరాం. అక్కడా అంతే. సేల్స్ అమ్మాయి చీర విప్పి చూపిస్తుంటే నేను వెనక మడతలు పెడుతున్నాను. "మీరు పెట్టకండి మేడమ్, మాకు మళ్ళీ రెట్టింపు పని" అందా అమ్మాయి విసుగ్గా. సిగ్గేసింది. ఒక్క పూట ఊరికే కూర్చోవడం చేతకాని మనిషిని అయిపోయాను. ఒళ్ళు ఇక్కడుంది గానీ మనసు మా వసారాలో ఉంది. కాయలొచ్చి ఉంటాయి. కొట్టిన ముక్కలు ఆవేళే కలపాలి, లేకపోతే మెత్తబడతాయి, మెత్తబడిన ముక్క జాడీ మొత్తాన్ని పాడుచేస్తుంది. ఇది తెలిసే కదా ఆవిడ ఇవాళ కొట్టించింది అని ఒకసారి కోపం. పాపం ఒక్కతే ఎన్నని తుడుస్తుందని ఒకసారి జాలి. ఏదో ఒకటే ఉంటే బతికిపోయేదాన్ని.

ఎండ నెత్తికెక్కే వేళకి ఊరవతల కాలవ కట్ట మీదికి చేరాం. కాలవలో నీళ్ళు లేవు, అడుగున అక్కడక్కడా మడుగుల్లో గేదెలు పడుకుని ఉన్నాయి. వేపచెట్టు నీడలో దుప్పటి పరిచి డబ్బాలు విప్పితే రాజేశ్వరక్క డబ్బాలోనూ పులిహోరే. బయటికెళ్ళడమంటే గుడికే అన్నట్టు మా ఇద్దరి చేతులూ అలవాటుగా పులిహోరే కలిపాయి. షహనాజ్ తెచ్చిన బగారా అన్నం లేకపోతే మా తిరుగుళ్ళు కాస్తా ప్రసాదం పంచి వచ్చినట్టు అయ్యేవి.

తిన్నాక షహనాజ్ బ్యాగులోంచి మెహందీ కోన్ తీసింది. "నీ చెయ్యి ఇట్టా తే అక్కా" అని నా కుడిచెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది. నా చెయ్యి మీద ఇంతకుముందు ఎవరైనా అంతసేపు శ్రద్ధ పెట్టారో లేదో గుర్తులేదు. కారానికి గరుకైన వేళ్ళు, చాక్‌పీసు పొడికి చిట్లిన గోళ్ళు. ఆ పిల్ల అవేమీ పట్టించుకోకుండా సన్నటి తీగలు గీసుకుంటూ పోయింది. అరచెయ్యి, వేళ్ళు, మణికట్టు. అది అయ్యాక రెండో చెయ్యి. చల్లగా, తడిగా రెండు చేతులూ మోకాళ్ళ మీద పరిచిపెట్టుకుని కూర్చున్నాను. మొదట ముక్కు దురద పెట్టింది. తర్వాత జుట్టు కళ్ళల్లో పడింది. గీరుకోలేను, సర్దుకోలేను, ఏమీ ముట్టుకోలేను. ఆ కాసేపట్లోనే నాలో ఏదో మెల్లగా కిందికి దిగింది. గోరింటాకు పెట్టుకున్న చేతికి ఎవరూ పని చెప్పరు కదా అనుకున్నాను.

అప్పుడే ఫోన్ మోగింది. నేను ఎత్తలేను. ఆగి మళ్ళీ మోగింది. మూడోసారి రాజేశ్వరక్క తట్టుకోలేక స్పీకర్ నొక్కి నా మొహం ముందు పట్టుకుంది.

"ఏందే, ఫోనెత్తవ్?" మా ఆయన గొంతు కట్ట మీద అందరికీ వినబడింది.

"చెప్పండి."

"అమ్మ కాయలు కొట్టించింది. ముక్కలు ముందు పోసుకుని కూర్చుంది. ఎప్పుడొస్తావ్?"

"సాయంత్రం."

"సాయంత్రం దాకా ముక్కలుంటయ్యా? నీకు తెలవదా? ఆ మస్తాన్‌రావుకి ఫోనియ్యి, నేను మాట్లాడతా. ఒక్క పూట క్యాన్వాసింగ్ మానేస్తే స్కూలేం కూలిపోదు. నా మాట తీసెయ్యడులే ఆయన."

రాజేశ్వరక్క కళ్ళతోనే చెబుతోంది, ఆయన వేరే ఊరెళ్ళాడని చెప్పు, చెప్పు అని. నాలుక చివర ఆ మాట సిద్ధంగా ఉంది. చెబితే సరిపోయేది. కానీ మా ఆయన నన్ను ఇంటికి పిలవడానికి ఇంకో మగాడి అనుమతి అడుగుతున్నాడు. నా శనివారం కోసం వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు. నేను అక్కడ ఉన్నట్టే లేదు. నాకు కాలిపోయింది.

"ఆయన లేరు. ఇవాళ క్యాన్వాసింగ్ లేదు."

"మరి ఏడున్నావ్?"

"కాలవ కట్ట మీద."

"కాలవ కట్ట మీదేం చేస్తన్నావ్?"

"కూర్చున్నాను. షహనాజ్, రాజేశ్వరక్క కూడా ఉన్నారు."

ఫోన్లో అవతల కొట్లో ఎవరో పత్తి మందు అడుగుతున్నారు.

"ఎందుకు?" అన్నాడు. అరవలేదు. నిజంగానే ఆయనకి అర్థం కాలేదు.

"ఊరికే" అన్నాను.

"ఊరికేనా? అమ్మ అక్కడ ముక్కల ముందు కూర్చుంటే నువ్వు ఊరికే కట్ట మీద కూర్చున్నావా? ఇంటికి రా, చెబుతా." ఫోన్ ఆగిపోయింది.

ముందు రాజేశ్వరక్క తేరుకుంది. "నా పేరెందుకు చెప్పావే తల్లీ. నేను పొద్దుటి నుంచీ కొండ మీదున్నా." ఆ భయంలోనూ మాకు నవ్వాగలేదు. నవ్వు ఆగాక లేచి నిలబడ్డాను. వెళ్ళిపోదాం, ఇప్పుడు వెళ్తే ముక్కలు ఇంకా గట్టిగానే ఉంటాయి, కలిపేస్తే ఆ మాట అందరూ మర్చిపోతారు. ఎన్నిసార్లు అలా చెయ్యలేదు. ఒంట్లో బాగోని రోజుల్లో కూడా ఏదో ఒకటి వండి పడేసి నోళ్ళు మూయించాను కదా. నా చెయ్యి చేసిన పనికి నా తప్పు కొట్టుకుపోతుంది, అది మా ఇంటి లెక్క.

షహనాజ్ నా కొంగు పట్టుకుంది. "కూర్చో అక్కా. ఆరలేదు. ఇప్పుడు బండి హ్యాండిల్ పట్టుకుంటే మొత్తం చెదిరిపోద్ది."

కూర్చున్నాను. సుఖంగా కూర్చున్నానని అబద్ధం చెప్పను. వడగాలి మొహాన కొడుతోంది, మనసు ఇంటికీ కట్టకీ మధ్య తిరుగుతూనే ఉంది. అయినా లేవలేదు. గోరింటాకు ఆరి, బీటలిచ్చి, రాలిపోయే దాకా కూర్చున్నాను. పొద్దు వాలాక రాజేశ్వరక్క అబద్ధం సగమన్నా నిజం చేద్దామని ముగ్గురం కోటప్పకొండ దారి పట్టి, ఘాట్ రోడ్డు మీద ఒక మలుపులో బండ్లు ఆపాం. కింద పేట కనబడింది, ఇళ్ళు, సెల్ టవర్లు, మిర్చి కోల్డ్ స్టోరేజీల తెల్లటి రేకులు. నా ఇల్లు అందులో ఎక్కడుందో వెతికాను. దొరకలేదు. ప్రాణం కాస్త తేలికపడింది.

దీపాలు పెట్టే వేళకి ఇంటికి చేరాను. వసారాలో వెల్లుల్లి పొట్టు, ఆవపిండి ఘాటు. మా ఆయన కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు, రెండు అరచేతులూ సొన తగిలి ఎర్రగా ఉన్నాయి. మా అత్తగారు కింద పీట మీద, కుడిచెయ్యి మజ్జిగ గిన్నెలో పెట్టుకుని ఉంది. పక్కన జాడీలు. నిండుగా ఉన్నాయి.

"మెత్తబడతన్నయ్. ఎంతసేపని చూడను" అందావిడ నా మొహం వైపు చూడకుండా. "కలిపేశా. చెయ్యి మంటెత్తిపోతంది. అలవాటు తప్పింది కదా. వాణ్ణి కొట్టు కట్టేసి రమ్మని ముక్కలు తుడిపించా. సగం ముక్కలకి టెంకలో జీడి ఊడదియ్యలా."

మా ఆయన ఆ జీడి మాట వినిపించుకోలేదు. "ఎవరి చెయ్యి పడితే వాళ్ళ చెయ్యి పెడితే ఎట్టా? రేపు బూజు పడితే అక్కావాళ్ళకి ఏం పంపాలి?" అన్నాడు. తల్లి ముందే అన్నాడు. ఆవిడ తల దించుకుని గిన్నెలో వేళ్ళు కదిపింది. వాళ్ళ నాన్న గొంతు నేను పెద్దగా వినలేదు గానీ ఇలాగే ఉండి ఉంటుంది.

తర్వాత నా వైపు తిరిగాడు. ఇంటికి రా చెబుతా అన్న మనిషి గొంతు తగ్గించాడు. "సరే, అయ్యిందేదో అయ్యింది. నువ్వు చెయ్యి కడుక్కుని అన్నిట్లో ఒకసారి పెట్టి తిప్పు. పేరుకి. నువ్వే కలిపావని అక్కావాళ్ళకి చెబుదాం. పొద్దుటి సంగతి ఇంక నేనెత్తను."

ఎంత సులువో. చెయ్యి అలా పెట్టి ఇలా తీస్తే చాలు. కాలవ కట్ట, కొండ, అబద్ధం, అన్నీ ఆ నూనెలో మునిగిపోతాయి. జాడీలోకి వంగి కాస్త గుజ్జు వేలితో తీసుకుని నాలుక మీద వేసుకున్నాను. పొద్దున కాలిన నాలుక చురుక్కుమంది. ఉప్పు సరిగ్గా పడింది. ఆవ ఘాటు ముక్కుకి ఎక్కింది, కారం దాన్ని దాటి పోలేదు. నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంత బాగా కలపలేదు. మా అత్తగారు నా నోటి వైపే చూస్తోంది, మార్కులు చదివేటప్పుడు మా క్లాసు పిల్లలు చూసినట్టు. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. ఈ ఇంట్లో నాకున్న పేరు ఆ చెయ్యి ఒక్కటే. అది కూడా ఇచ్చేస్తే ఇక నేను ఎవరిని ఇక్కడ? ఉప్పు తక్కువైందంటే చాలు, మళ్ళీ నేనే మంచి చెయ్యిని. ఆవిడ మళ్ళీ పక్కకి జరిగి కూర్చుంటుంది.

"నేను చెయ్యి పెట్టను" అన్నాను. "చానా బాగా కుదిరింది. నాకంటే బాగా కుదిరింది. అత్తయ్య కలిపిందని వదినావాళ్ళకి చెప్పండి."

"బూజు పడితే?"

"పడితే మీరు జీడి సరిగ్గా తియ్యలేదని చెబుదాం."

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. మా అత్తగారు మజ్జిగలోంచి చెయ్యి తీసి కొంగుతో తుడుచుకుంది. వేలితో కాస్త పిండి తీసుకుని తనే నాలుక మీద వేసుకుంది, చాలాసేపు కళ్ళు మూసుకుని చప్పరించింది. "అప్పుడు జాడీ తడారలేదే అమ్మాయ్" అంది ఎవరితోనో అన్నట్టు. "వానలో తడిసింది జాడీ. చెబుతూనే ఉన్నా మీ మామయ్యకి." ఆ మాట ఇన్నేళ్ళు ఆవిడ గొంతులో ఎక్కడ దాచుకుందో నాకు తెలియదు.

తర్వాత తెల్లటి గుడ్డ తీసుకుని జాడీ మూతికి వాసెన కట్టుకుంటూ అడిగింది. "మూడో రోజు తిరగకలపాలి. దానికన్నా ఉంటావా?"

"సోమవారం ఉంటానత్తయ్యా. మీరూ, ఆయనా, నేనూ ముగ్గురం కలిసి కలుపుదాం" అన్నాను. అని, గోరింటాకు పండిన చేతులతో మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను. "వచ్చే శనివారం మాత్రం ఉండను."

ఎందుకని ఈసారి ఎవరూ అడగలేదు.